శ్రమజీవుల లెక్కలు చెప్పిన గుండెజబ్బు కథ

గుంతకల్లు నుండి నంద్యాలకు పోవు రైలుమార్గమున, డోన్ దాటిన తరువాత బేతంచెర్ల స్టేషను తగులును. 2022 వరకు కర్నూలు జిల్లాలో ఉండి, అటుపిమ్మట నంద్యాల జిల్లాలో చేరిన ఈ ఊరి పేరు తెలుగువారిలో చాలమందికి తమ యింటి నేల మూలముగా పరిచయము. ఇచ్చటి సున్నపురాయి పొరలు పొరలుగా ఏర్పడియున్నది. ఆ పొరలను గడ్డపారతోను, ఉలితోను, సమ్మెటతోను విడదీసి, పలకలుగా కోసి, నునుపు చేసి పంపుదురు. బేతంచెర్ల నాపరాళ్లు పరచిన వసారాలు, బడిగదులు రాయలసీమలో అడుగడుగునను కనిపించును.

మిట్టమధ్యాహ్నపు టెండలో బండలెత్తు మనిషికి గుండెజబ్బు వచ్చునా? రాదనియే చాలకాలము అందరును నమ్మిరి. అది కూర్చుండి తినువారి జబ్బు, నేతి మిఠాయిల జబ్బు, పట్నపు జబ్బు అని చెప్పుకొనిరి. ఒళ్లువంచి పనిచేయువానికి, జొన్నరొట్టె తినువానికి దాని భయము లేదనిరి. ఈ నమ్మకములో కొంత నిజమున్నది, కొంత ప్రమాదమున్నది. నిజమెంత, ప్రమాదమెంత అను సంగతి ఏ ఒక్క వైద్యుని ఊహవలనను తేలలేదు. బస్సు కండక్టర్లు, రైల్వే ఉద్యోగులు, పల్లెటూరి రైతుకూలీలు, గర్భవతులైన తల్లులు, వీరివంటి సామాన్యులను వేల సంఖ్యలో లెక్కించుటవలన తేలినది. ఆ లెక్కలలో మూడు తెలుగువారికి సంబంధించినవి.

గుండెకు తిండి పెట్టు నాళములు

మనిషి గుండె పిడికిలికంటె కొంచెము పెద్దది. బరువు సుమారు 300 గ్రాములు. నిమిషమునకు 70 సార్లకు పైగా, రోజునకు సుమారు లక్షసార్లు అది కొట్టుకొనును. ఒడలంతటికి రక్తమును తోడిపోయు ఈ యంత్రమునకు గూడ రక్తము కావలెను గదా! గుండెగదులలో నిండియున్న రక్తము దాని మందమైన కండరమునకు అందదు. అందువలన బృహద్ధమని మొదటిలోనే రెండు సన్నని కొమ్మలు చీలి, గుండెపై అల్లుకొని, కండరములోనికి రక్తమును చేర్చును. వీనిని హృద్ధమనులందురు. మొదటిలో వీని వెడల్పు మూడు నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే.

కండరము ముడుచుకొనుటకు కావలసిన శక్తి ఎ.టి.పి. అను పదార్థమునుండి లభించును. దానిని కండరములో కనుగొన్నవారిలో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. అమెరికాలోని హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన చేసిన పరిశోధన 1929లో వెలువడినది. ఆ సంవత్సరముననే జర్మనీలో కార్ల్ లోమన్ కూడ వేరుగా దానిని కనుగొనెను. గుండె ఈ శక్తిని ఎక్కువగా నిలువచేసికొనజాలదు. ప్రాణవాయువు సాయమున క్షణక్షణము తయారుచేసికొనవలెను. రక్తము ఆగినచో నిమిషములోపలనే ఆ భాగపు కండరము ముడుచుకొనుట మానును. అరగంట ప్రాంతమున అది చచ్చుట మొదలగును.

రక్తము ఎందుకాగును? నంద్యాల రైతులకు కర్నూలు-కడప కాలువ తెలియును. అడుగున ఒండ్రు పేరుకొన్నకొలది కాలువలో నీరు తగ్గును. హృద్ధమనులలోను ఇట్టిదే జరుగును, కాని ఒక భేదమున్నది. కాలువలో ఒండ్రు పైపైన పేరుకొనును. ధమనిలో కొవ్వు గోడలోపలికి దిగి, అచ్చట వాపు కలిగించి, బొడిపెవలె లేచును. ఇది పది ఇరువది ఏండ్లపాటు చప్పుడు లేకుండ సాగును. దారి సన్నబడినపుడు, నడకలోనో పనిలోనో, రొమ్ములో నొప్పి తోచును, ఆగినచో తగ్గును. ఎన్నడో ఒకనాడు ఆ బొడిపె చిట్లి, దానిపై రక్తము గడ్డకట్టి, దారి పూర్తిగా మూసికొనును. అదియే గుండెపోటు. గుండె ఇంధనమును కనుగొన్నవారిలో ఒకరైన సుబ్బారావు 1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయస్సున, అమెరికాలో నిద్రలోనే గుండెపోటుతో మరణించిరి.

కట్టెలు కోసిన రోగి

1768లో లండనునందలి రాజవైద్య కళాశాలలో విలియం హెబర్డెన్ అను వైద్యుడు ఒక క్రొత్త రోగమును వర్ణించెను. రోగి నడచునపుడు, అందును ఎత్తు ఎక్కునపుడు, భోజనమైన వెంటనే నడచినపుడు, రొమ్ములో ఏదో బిగబట్టినట్లు నొప్పి వచ్చును. నిలబడినంతనే అది మాయమగును. 1772లో అచ్చయిన ఆ వ్యాసములో ఒక చిన్న సంగతి కలదు. ఆ రోగులలో ఒకడు దినమునకు అరగంట చొప్పున కట్టెలు కోయుట నియమముగా పెట్టుకొని, దాదాపు బాగుపడెనట. గుండెజబ్బును గూర్చిన తొలి స్పష్టమైన వర్ణనలోనే వ్యాయామ ప్రసక్తి వచ్చినదన్నమాట. అయితే ఒక్క రోగి అనుభవము శాస్త్రము కాదు. ఆ సంగతి సుమారు 180 ఏండ్లు మూలపడియుండెను.

నొప్పికి హృద్ధమనులే కారణమని ఆ కాలముననే ఊహించినవారిలో మశూచి టీకాను కనిపెట్టిన ఎడ్వర్డు జెన్నర్ ఒకడు. శవపరీక్షలో అతనికి గట్టిపడిన హృద్ధమనులు కనిపించెను. తన గురువైన జాన్ హంటర్‌కు ఆ నొప్పియే యున్నందున, గురువు మనస్సు నొచ్చునని జెన్నర్ ఆ సంగతిని ప్రకటింపలేదు. 1793లో హంటర్ ఒక ఆసుపత్రి సభలో వాదోపవాదముల నడుమ కుప్పకూలి మరణించెను. అటుపిమ్మట 1912లో చికాగో వైద్యుడు జేమ్సు హెరిక్, హృద్ధమనిలో రక్తపుగడ్డ అడ్డుపడినను మనిషి బ్రతుకవచ్చునని, గుండెపోటును రోగి బ్రతికియుండగానే గుర్తింపవచ్చునని చూపెను. 1913లో రష్యాలో నికొలాయ్ అనిచ్‌కోవ్ కుందేళ్లకు కొలెస్టరాల్ తినిపించి, వాని ధమనులలో మనుష్యుల ధమనులలోని మచ్చలవంటివానిని పుట్టించెను. కుక్కలలోను, ఎలుకలలోను ఆ ప్రయోగము అంత సులువుగా ఫలింపలేదు. కుందేలు గడ్డి తిను జంతువు గదా, దాని సాక్ష్యము మనిషికి చెల్లునా యని పలువురు సందేహించిరి. మనిషి సంగతి మనిషినే అడుగవలసి యుండెను.

రెండంతస్తుల బస్సు

సుబ్బారావు మరణించిన 1948లోనే అమెరికాలో బోస్టను సమీపమున ఫ్రేమింగ్‌హాం అను చిన్నపట్టణమున ఒక పరిశోధన మొదలైనది. 5,209 మంది స్త్రీపురుషులను ఎంపికచేసి, రెండేండ్లకొకసారి పరీక్షించుచు, ఎవరికి గుండెజబ్బు వచ్చునో వేచిచూచిరి. జబ్బు వచ్చినవారిని వెనుకకు విచారించుట కాక, ఆరోగ్యవంతులతో మొదలుపెట్టి ముందుకు నడచుట ఇందలి విశేషము. 1961 నాటికి, అధిక రక్తపోటును, రక్తములో అధికముగా కొలెస్టరాలును గలవారికే ఈ జబ్బు ఎక్కువగా వచ్చుచున్నదని తేలెను. ఇట్టి లక్షణములకు ముప్పు కారకములు అను పేరు వ్యాప్తిలోనికి వచ్చినది ఆ పరిశోధన మూలముననే.

ఇంతలో లండనులో జెరిమీ మోరిస్ అను వైద్యుడు ఒక ముచ్చటైన పోలికను పట్టుకొనెను. ఆ నగరపు రెండంతస్తుల బస్సులో డ్రైవరు దినమంతయు కూర్చుండియుండును. కండక్టరు టిక్కెట్ల కొరకు మెట్లెక్కుచు దిగుచు తిరుగును. ఒక్క పనిదినములో అతడెక్కు మెట్లు కొన్ని వందలు. ఇద్దరిదియు ఒకే ఊరు, ఒకే సంస్థ. జీతములలో పెద్ద తేడా లేదు. లండను రవాణా సంస్థలోని సుమారు 31,000 మంది పురుషుల లెక్కలు చూడగా, కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చుచున్నట్లును, వచ్చినను వెంటనే ప్రాణము తీయుట డ్రైవర్లకంటె చాల తక్కువగా నున్నట్లును తెలిసెను. 1953లో ఇది ప్రకటింపబడెను. కట్టెలు కోసిన రోగికి ఇన్నాళ్లకు వేలమంది సాక్షులు దొరకిరి.

మోరిస్ అంతటితో తృప్తిపడలేదు. లావుపాటివారే డ్రైవరు ఉద్యోగములో చేరుచున్నారేమో, తేడా పనివలన కాక పుట్టుకవలన వచ్చినదేమోయని తనను తానే ప్రశ్నించుకొనెను. సంస్థవారు ఉద్యోగులకు కుట్టించియిచ్చిన దుస్తుల కొలతల పుస్తకములు తెప్పించి చూచెను. ఏ వయస్సున చూచినను డ్రైవర్ల పంట్లాముల నడుము కొలత కండక్టర్లకంటె ఎక్కువగా నుండెను! 1956లో ఈ సంగతిని కూడ ఆయన దాచక ప్రకటించెను. మెట్లెక్కుట మేలే, కాని తేడా యంతయు మెట్లదే అని చెప్పజాలమని దీని భావము. తన సిద్ధాంతమునకు అడ్డువచ్చు సంగతిని తానే వెదకి బయటపెట్టుట శాస్త్రజ్ఞుని లక్షణము. విద్యార్థులు ఈ పంట్లాముల కథను మరువరాదు; దాని అవసరము మరల వచ్చును.

రైలుపట్టాల వెంట ఒక పెద్ద లెక్క

1958లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్ ఏడు దేశముల పరిశోధనను ఆరంభించెను. ఫిన్‌లాండువంటి, వెన్న పాలు ఎక్కువగా వాడు ప్రాంతములలో గుండెజబ్బు హెచ్చుగను, జపానులో తక్కువగను కనిపించెను. జంతుసంబంధమైన కొవ్వే దోషియని పలువురు నిశ్చయించుకొనుచుండిరి. సరిగా ఆ కాలముననే భారతదేశమునుండి వేరొక సమాధానము వచ్చెను.

పశ్చిమ రైల్వే ప్రధాన వైద్యాధికారియైన ఎస్.ఎల్. మల్హోత్రా దేశమంతట నున్న రైల్వే ఉద్యోగుల జబ్బులను, మరణములను పరిశీలించి, 1967లో బ్రిటిషు హృద్రోగ పత్రికలో ఫలితములు ప్రకటించెను. ఆ లెక్కలో చేరినవారు పదకొండు లక్షలకు పైబడినవారు. ఇంత పెద్ద సంఖ్యలో, ఒకే యజమాని క్రింద, ఒకే తీరు పనులు చేయుచు, వేరువేరు తిండ్లు తినువారు ప్రపంచమున మరెచ్చట దొరకుదురు? బేతంచెర్ల మీదుగా పోవు నాటి మీటరుగేజి మార్గము 1951లో ఏర్పడిన దక్షిణ రైల్వేలోనిది. పట్టాలు బిగించువారు, బొగ్గుయింజను తోలువారు, స్టేషను గుమాస్తాలు, గుంతకల్లులోని పనివారు, అందరును ఆ రైల్వేవారే. ఉత్తరమున పంజాబు, దక్షిణమున ద్రావిడదేశములు. నడుమ పోల్చుటకు ఒకే కొలబద్ద.

ఫలితము ఆశ్చర్యము గొల్పెను. గుండెజబ్బువలన మరణములు పంజాబువారికంటె దక్షిణాదివారిలో సుమారు ఏడురెట్లు ఎక్కువ. మరణించు వయస్సు కూడ దక్షిణమున తక్కువ. అయినను పంజాబువారే కొవ్వును ఎన్నోరెట్లు అధికముగా తినుచుండిరి. అదియును నెయ్యి, పాలు, పెరుగు రూపమున. దక్షిణాదివారు కొద్దిగా తిను కొవ్వు నూనెగింజలనుండి వచ్చినది. కొవ్వు జాతి, భోజనము చేయు తీరు, పీచుగల తిండిని నమలుట, ఇవియే తేడాకు కారణమని మల్హోత్రా వాదించెను.

ఆయన లెక్క ఒక సంగతిని దృఢముగా చూపెను: ఎంత కొవ్వు తిన్నాడను ఒక్క ప్రశ్నతో గుండెజబ్బును వివరింపలేము. అయితే నెయ్యి తిన్నవారికి జబ్బు రాదని దీనినిబట్టి చెప్పవచ్చునా? ఇచ్చటనే పంట్లాముల కథ గుర్తుకు రావలెను. పంజాబువారికిని దక్షిణాదివారికిని భేదము తిండిలోనే కాదు. ఒడ్డుపొడుగులో, బాల్యపు పోషణలో, ఇంకను ఎన్నిటిలోనో కలదు. పైగా గుండెపోటును గుర్తించు సాధనములు ఆ కాలమున అన్ని ఆసుపత్రులలోను ఒకే తీరుగా లేవు. కాలమే దీనికి జవాబు చెప్పినది. 2016 నాటి రాష్ట్రములవారీ లెక్కలలో, గుండె, రక్తనాళముల జబ్బులు ఎక్కువగా ఉన్న రాష్ట్రములలో కేరళ, తమిళనాడులతోపాటు పంజాబు కూడ ముందువరుసన నిలిచెను. ఒకప్పుడు తక్కువయని పేరుపొందిన ప్రాంతము అరువది ఏండ్లలోపలనే ఎక్కువవాని సరసన చేరినది. జాతి మారలేదు, బ్రతుకు తీరు మారినది.

నలుబదియైదు ఊళ్లలో మరణ విచారణ

రైల్వేవారు ఎంతైన నెలజీతగాండ్రు. పల్లెటూళ్ల మాట యేమి? పల్లెలో మరణములు తరచుగా ఇంటివద్దనే జరుగును. కారణము వ్రాసిపెట్టు వైద్యుడుండడు. "రొమ్ము పట్టుకొని పడిపోయినాడు" అని ఇంటివారు చెప్పుదురు; అంతటితో ముగియును. కావున పల్లెలలో గుండెజబ్బు లేదనుమాట, చూడనిదానిని లేదనుటయే.

2003-04లో ఉభయ గోదావరి జిల్లాలలోని 45 ఊళ్లలో ఈ చీకటిని తొలగించు ప్రయత్నము జరిగినది. సిడ్నీలోని జార్జి పరిశోధనాసంస్థ, హైదరాబాదులోని వైద్యసంస్థలు కలిసి దీనిని చేపట్టినవి. ఊళ్ల జనాభా సుమారు 1,80,000. ఆరోగ్య కార్యకర్తలు మరణము జరిగిన ప్రతి యింటికి పోయి, చివరి దినములలో రోగి యెట్లుండెనో, నొప్పి యెచ్చటనో, ఎంతసేపో, అంతకుముందు ఏ జబ్బులుండెనో ఓపికగా అడిగి వ్రాసికొనిరి. ఆ వ్రాతలను వైద్యులు చదివి కారణమును నిర్ణయించిరి. ఒక ఏడాదిలో జరిగిన 1,354 మరణములను ఈ తీరున విచారించిరి.

అంటువ్యాధులే మొదట నిలుచునని పలువురు తలంచుచుండగా, గుండె, రక్తనాళముల జబ్బులే మొదటిస్థానమున నిలిచెను. 100 మరణములలో 32 వానివలననే జరిగినవి. వానిలో గుండెపోటును, మెదడులో రక్తనాళములు చెడుటవలన వచ్చు పక్షవాతమును ఇంచుమించు సమభాగములు. క్షయ మొదలైన అంటువ్యాధులు 12. ప్రమాదములు, ఆత్మహత్యలవంటివి 13. 2006లో ఈ ఫలితములు వెలువడిన పిమ్మట, గుండెజబ్బు పట్నపు ధనికులదే అను మాట చెల్లకపోయెను.

గోదావరి డెల్టా మాగాణి, బేతంచెర్ల మెట్టసీమ. అచ్చటి అంకెలను ఇచ్చటికి యథాతథముగా తెచ్చుట సరికాదు. కాని డెల్టాలో పల్లెబ్రతుకు గుండెను కాపాడలేకపోయిన పిమ్మట, మెట్టలో కాపాడునని ధీమాగా నుండుటకు ఆధారము లేదు.

ఉప్మా నేర్పిన పాఠము

కరవునేలకు ప్రత్యేకముగా సంబంధించిన లెక్క మరియొకటి కలదు. 1989లో ఇంగ్లండు వైద్యుడు డేవిడ్ బార్కర్, హెర్ట్‌ఫర్డుషైరు ప్రాంతపు పాత జననపు పుస్తకములను పరిశీలించి, పుట్టినపుడును, ఏడాది వయస్సునను తక్కువ బరువుండిన మగశిశువులు పెద్దవారైన పిమ్మట గుండెజబ్బుతో మరణించుట ఎక్కువయని చూపెను. గర్భమున తిండి చాలని శిశువు ఉన్నదానితో సరిపెట్టుకొనునట్లు తన శరీరమును మలచుకొనును. తరువాత అధికముగా తిండి దొరకినపుడు ఆ శరీరము దానిని భరింపజాలక మధుమేహమునకు, గుండెజబ్బునకు లోనగునని ఆయన ఊహ.

1876-78 నాటి ధాత కరవు దెబ్బను బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు తీవ్రముగా తినినవి. తరతరములు ఆకలి నెరిగిన సీమలో ఈ ఊహకు గల ప్రాముఖ్యము వేరుగా చెప్పనక్కరలేదు. దానిని పరీక్షించు అవకాశము హైదరాబాదు సమీపమున దొరకెను. 1987-90 నడుమ జాతీయ పోషకాహార సంస్థవారు 29 ఊళ్లను ఎన్నుకొనిరి. 15 ఊళ్లలో అంగన్‌వాడీల ద్వారా గర్భవతులకును, బాలింతలకును, ఆరేండ్లలోపు పిల్లలకును రోజూ ఉప్మా పెట్టిరి. మొక్కజొన్న, సోయాపిండి, సోయానూనెలతో చేసిన ఉప్మా అది. తల్లికి దినమునకు సుమారు 500 కెలోరీలు, బిడ్డకు 300. తక్కిన 14 ఊళ్లకు ఆ పథకము అప్పటికింకను రాలేదు.

2003-05లో పరిశోధకులు మరల ఆ ఊళ్లకు పోయిరి. నాటి శిశువులు అప్పటికి 13 నుండి 18 ఏండ్ల పిల్లలైరి. 1,165 మందిని పరీక్షింపగా, ఉప్మా ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు. మధుమేహమునకు దారితీయు ఇన్సులిన్ నిరోధము వారిలో సుమారు 20 శాతము తక్కువ. ధమనుల బిరుసుదనము కూడ కొంత తక్కువ. రక్తపోటులో మాత్రము తేడా కనిపించలేదు. ఏ ఊరికి ఉప్మా, ఏ ఊరికి లేదు అను నిర్ణయము చీట్లువేసి చేసినది కాదు గనుక ఫలితమును కొంత జాగ్రత్తగా చూడవలెను. అయినను 2008లో వెలువడిన ఈ పరిశోధన, గుండెను కాపాడు పని తల్లి పళ్లెమునుండియే మొదలగునను ఊహకు బలమిచ్చినది. జీవనవిధానమనగా ఒక మనిషి ఇష్టానిష్టములు మాత్రమే కాదు. అతడు ఎంచుకొనని సంగతులు కూడ అందులో కలవు.

తొమ్మిది కారణములు

ఇన్ని లెక్కల పిమ్మట, మనిషి చేతిలో ఉన్నదెంత? దీనికి జవాబు 2004లో వెలువడినది. కేరళలో పుట్టిన సలీం యూసుఫ్ నాయకత్వమున 52 దేశములలో ఇంటర్‌హార్ట్ అను పరిశోధన జరిగెను. గుండెపోటు వచ్చిన సుమారు 15,000 మందిని, రాని దాదాపు అంతమందితో పోల్చిరి. పొగాకు, రక్తములోని కొవ్వుల తారుమారు, అధిక రక్తపోటు, మధుమేహము, పొట్టచుట్టు కొవ్వు, మనోవేదన, కూరగాయలు పండ్లు తక్కువగా తినుట, వ్యాయామము లేకుండుట, మద్యపానపు తీరు, ఈ తొమ్మిదింటితోనే పురుషులలో 90 శాతము, స్త్రీలలో 94 శాతము ముప్పును వివరింపవచ్చునని తేలెను. దేశము మారినను ఈ తొమ్మిదియు మారలేదు.

అందు దక్షిణాసియావారిని గూర్చి ప్రత్యేకముగా 2007లో ప్రకటించిరి. తొలి గుండెపోటు వచ్చు వయస్సు ఇతరులలో 59 ఏండ్ల ప్రాంతమున నుండగా, ఇచ్చటివారిలో 53. ఇంటిని పోషించువాడు ఆరేండ్లు ముందుగా పడిపోవుచున్నాడన్నమాట. ఆరోగ్యవంతులలో ప్రతిదినము కూరగాయలు, పండ్లు తినువారు ఇతర దేశములలో నూటికి 45 మంది కాగా, ఇచ్చట 27 మందికి మించలేదు. కారణము రక్తములో కంటె పళ్లెములోను, నడకలోను, పొగలోను వెదకవలెనని దీని తాత్పర్యము.

మరల బేతంచెర్లకు

బండలెత్తు మనిషికి గుండెజబ్బు వచ్చునా అను మొదటి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చును. శ్రమ రక్షణ యిచ్చును. లండను కండక్టరు దానికి సాక్షి. కాని అది తొమ్మిదింటిలో ఒక్కటి మాత్రమే. మధ్యాహ్నపు విరామమున వెలిగించు బీడీ వేరొకటి. ఇంటర్‌హార్ట్ లెక్కలలో బీడీ ఒక్కటియే గుండెపోటు ముప్పును దాదాపు మూడురెట్లు చేయుచున్నట్లు తేలినది. సిగరెట్టుకు అది ఏమాత్రము తీసిపోదు. పొగ లేదుగదాయని నమలు పొగాకు కూడ ముప్పును రెండురెట్లు దాటించును. మేలైన సంగతి యేమనగా, మానివేసిన కొద్ది సంవత్సరములలోనే ఈ ముప్పు గణనీయముగా తగ్గును.

పని కూడ మారినది. సమ్మెటతో చేసిన పనిలో చాలభాగము కోతయంత్రములు, సానపట్టు యంత్రములు చేయుచున్నవి. నడచిపోయిన దూరమును మోటారుసైకిలు మ్రింగినది. తిండి మారినది. జొన్నరొట్టె, కొర్రన్నము, రాగిసంకటి తిన్న సీమలో, 1983లో కిలో రెండు రూపాయల బియ్యపు పథకము వచ్చిన పిమ్మట తెల్లబియ్యము ఇంటింట నిలిచినది. ఆకలి తీర్చిన బియ్యమును నిందించుట న్యాయము కాదు. పళ్లెములో అన్నము కొండంతయై, పప్పు, ఆకుకూర, కూరగాయ గోరంతయగుటయే లోపము. దానికి తోడు ఊరగాయలోను, పచ్చడిలోను వచ్చు ఉప్పు. పెద్దవారు దినమునకు 5 గ్రాములకు మించి, అనగా ఒక చెంచాడుకు మించి, ఉప్పు తినరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. కూరగాయలు, పండ్లు కలిసి దినమునకు 400 గ్రాములుండవలెను. రక్తపోటు, మధుమేహము నొప్పి లేకుండ పెరుగును గనుక, ముప్పది దాటినవారు వానిని పరీక్ష చేయించుకొననిదే తెలియవు.

అయినను గుండెపోటు వచ్చినచో? రొమ్ము నడుమ బరువుపెట్టినట్లు నొప్పి, ఎడమచేతికో దవడకో ప్రాకుట, చల్లని చెమట, ఆయాసము, ఇవి కనిపించినపుడు "గాలిపట్టినది" అని సోడా త్రాగి పడుకొనరాదు. అరగంటలో కండరము చచ్చుట మొదలగునని పైన చెప్పబడినది. రక్తపుగడ్డను కరగించు మందైనను, నాళమును తెరచు చికిత్సయైనను, ఎంత త్వరగా జరిగిన అంత మేలు. 2005నుండి ఆంధ్రప్రదేశములో 108 అంబులెన్సు సేవ నడచుచున్నది. ఆ సంఖ్యకు వెంటనే ఫోను చేయవలెను. రోగిని నడిపింపరాదు.

ఉపాధ్యాయులు ఈ చరిత్రను బడిలోనే కొంత ప్రయోగము చేయింపవచ్చును. విద్యార్థులు కూర్చున్నపుడు మణికట్టువద్ద నాడిని ఒక నిమిషము లెక్కించి, మూడుసార్లు మెట్లెక్కి దిగిన వెంటనే మరల లెక్కించి, అది మొదటి సంఖ్యకు వచ్చుటకు ఎన్ని నిమిషములు పట్టినదో వ్రాసికొనవలెను. ప్రతిదినము ఆడుకొనువారికిని, ఆడనివారికిని ఆ నిమిషములలో తేడా యున్నదేమో చూడవలెను. తేడా కనిపించినచో వెంటనే కారణము నిర్ణయింపక, మోరిస్ పంట్లాములు వెదకినట్లు, ఇంకేమి తేడాలున్నవో వెదకవలెను. ఇంటికి పోయి, తాతముత్తాతలు ఏమి తినిరో, ఎంత నడచిరో, ఇప్పుడు ఇంట ఏమి వండుచున్నారో, ఎవరు బీడీ త్రాగుచున్నారో అడిగి పట్టిక వేయవలెను. రాయలసీమ మెట్టపల్లెల గుండెలెక్క వ్రాయవలసిన చేతులు అటువంటి బడులనుండియే రావలెను.